పావంగుళం రాచెట్టు

మా తాత పనిముట్లకు తాళం లేదు. రంపె, ఆరె, గూటం, ఇంత మైనం ముద్ద, దారపుండ. అన్నిటినీ ఒక పాత బుట్టలో వేసి వసారా చూరుకు తగిలించేవాడు. బోగోలు మాదిగపల్లెలో మా ఇంటికి తలుపే సరిగా లేదు, ఇంక బుట్టకు తాళమెక్కడిది? రెడ్ల కయ్యలకు నీళ్ళు తోడే కపిల బానలకు తోలు తొండాలు కుట్టింది ఆ బుట్టే. ఊరంతా ఆ నీళ్ళతో పండిన వడ్లే తినింది. కానీ ఆ బుట్టను ఎవరూ దొంగిలించలేదు. ముట్టుకుంటే మైల గదా! మా మైలే మా వస్తువులకు కాపలా అని మా అవ్వ నవ్వేది.

కపిలలు పోయి ఆయిలింజన్లు, ఆ వెనక కరెంటు మోటార్లు వచ్చాక బుట్టకు పని తగ్గింది. మా నాయన బిట్రగుంట లోకో షెడ్డులో ఖలాసీగా చేరాడు. బోగోలు, బిట్రగుంట పేర్లు రెండే గానీ నడిచి పోయే దూరం. బొగ్గింజన్ల కాలంలో బిట్రగుంట అంటే మాటలు కాదు. షెడ్డు కూతకే మా పల్లె నిద్ర లేచేది. అక్కడ పనిముట్లు రైల్వేవి. పొద్దున్నే ఇత్తడి బిళ్ళ ఇచ్చి పానా తీసుకోవాలి, దిగేటప్పుడు పానా ఇచ్చి బిళ్ళ తీసుకోవాలి. నేను పిలకాయగా అన్నం క్యారియర్ తీసుకుపోయినప్పుడు ఒక పానాను నా పక్కన నిలబెట్టి చూపించాడు, నాకన్నా అదే పొడుగు. అన్నీ అంగుళాల లెక్క. అక్షరం రాని మా నాయన అరంగుళానికీ తొమ్మిది పదహారులకూ తేడా బొటనవేలితో చెప్పేవాడు. మద్రాసు లైనుకు కరెంటొచ్చి బొగ్గింజన్లు పోయాక ఆ షెడ్డూ పాడుబడింది.

నేను పదో తరగతి తప్పి, మెయిన్ రోడ్డు మీద ఒక మోటారు సైకిళ్ళ షాపులో చేరాను. ఇప్పుడు 16వ నంబరంటున్నారు, అప్పుడది 5వ నంబరు జాతీయ రహదారి. 1992 అది. యమహా ఆర్‌ఎక్స్ 100 బండ్లు బాగా తిరుగుతున్న రోజులు. వాటి ఇంజను పక్క మూతలకు స్టార్ స్క్రూలుంటాయి. నాలుగు సార్లు విప్పితే తల అరిగిపోతుంది. అందుకని మెకానిక్కులందరూ వాటిని పీకేసి అలెన్ బోల్టులు వేసేవాళ్ళు. తలలో ఆరు మూలల గుంట ఉంటుంది, అందులో ఎల్ ఆకారం కీ పెట్టి తిప్పాలి. 6 ఎం.ఎం. బోల్టుకు 5 ఎం.ఎం. కీ. ఆ లెక్క తెలియకుండా బండి ముట్టుకోకూడదు.

మంచి కీలన్నీ ఓనరు బీరువాలో ఉండేవి. తాళం ఆయన మొలతాడుకు. ఆయన చుట్టపు పిలకాయ ఒకడు నాకన్నా వెనక చేరాడు, వాడికి బీరువా తెరిచేవాడు. నాకు మాత్రం డబ్బాలో పడున్న పాతవి. నేను పట్టుకున్న పానాను నూనెగుడ్డతో తుడిచి తీసుకునేవాడు గానీ చేతి నుంచి చేతికి తీసుకునేవాడు కాదు. కింద పెట్టమనేవాడు. మా తాత ఆరెను మైలని ముట్టుకోని చేతులే, ఈ పానాను మాత్రం నేను ముట్టుకుంటానేమోనని బీరువాలో దాచాయి. అన్నం పెట్టే పనిముట్టు మైలపడదు కాబోలు. దానికి తాళం మాత్రం పడుతుంది.

ఒకరోజు ఒక కాంట్రాక్టరు ఆర్‌ఎక్స్ క్లచ్చి పనికొచ్చింది. నాకు డబ్బాలోంచి ఒక కీ విసిరాడు. బోల్టులో పెట్టి బలం ఇచ్చానో లేదో గుంట మూలలు గుండ్రంగా అరిగిపోయాయి. రెండో బోల్టు కూడా అంతే. ఓనరు అందరి ముందూ, ‘చెప్పులు కుట్టే చెయ్యిరా అది, మిషను పనికి యాడ పనికొస్తుంది’ అన్నాడు. అర నెల జీతం పట్టుకున్నాడు. అందరూ నవ్వారు. నవ్వనిది ఆ కాంట్రాక్టరు ఒక్కడే, ఆయన బండి ఆలస్యమవుతుందని.

ఆ కీని జేబులో వేసుకుని ఇంటికొచ్చాను. మా నాయన దీపం దగ్గర అటూ ఇటూ తిప్పాడు. కొత్త బోల్టొకటి ఇస్తే అందులో పెట్టి కదిలించాడు. లొటలొటలాడింది. ‘వొరే అబ్బయా, ఇది అంగుళాల సరుకురా. దీన్ని మిల్లీమీటర్ల బోల్టులో పెడితే మూలలుంటాయా?’ అన్నాడు. మూడు పదహారుల కీ అది. లెక్కేస్తే 4.76 మిల్లీమీటర్లు. గుంట 5. పావు మిల్లీమీటరు కూడా లేని ఆ సందులోనే పోయింది నా అర నెల జీతం. నా చేతి కులం కాదు. మరుసటి రోజు ఆ మాట చెబితే, ఓనరు కీ తీసుకుని డబ్బాలోనే వేశాడు. జీతం తిరిగి రాలేదు.

ఈ ఆరు మూలల గుంటకు అలెన్ అనే పేరు అమెరికాలో హార్ట్‌ఫర్డ్ అనే ఊళ్ళో విలియం అలెన్ అనే ఆయన వల్ల వచ్చింది. 1910లో పేటెంటు తీసుకున్నాడు. అంతకు ముందు ఫ్యాక్టరీల్లో తిరిగే ఇరుసుల మీద బిగించే స్క్రూల తలలు పైకి పొడుచుకొని ఉండేవి. కూలోళ్ళ చొక్కా చేతులు వాటికి తగులుకుని, మనిషిని మిషను లోపలికి లాగేసేది. తలే లేకుండా, గుంట పెట్టి ఇరుసులోకి దిగిపోయే స్క్రూ వచ్చాక ఆ ప్రమాదం తగ్గింది. కూలోడి చెయ్యి కాపాడిన గుంటన్నమాట. నా చేతికి పేరు పెట్టిందీ ఆ గుంటే.

రెండేళ్ళకు ఆ షాపు వదిలేసి, మా పల్లె మొదట్లో వేపచెట్టు కింద గోనెపట్టా పరిచాను. ఒక ఎల్ కీల సెట్టు, నాలుగు పానాలు, ఒక సుత్తి. మా తాత ఆరె కూడా పనికొచ్చింది. బోల్టు గుంటల్లో గట్టిపడిన బురద తోడటానికి దాన్ని మించింది లేదు. గుంట శుభ్రంగా లేకపోతే కీ అడుగుదాకా దిగదు, దిగకపోతే మూలలు పోతాయి.

ఎల్ కీతో ఒక చిక్కు. ఆరు మూలలు గనక 60 డిగ్రీలు తిప్పితేగాని తీసి మళ్ళీ పెట్టడానికి లేదు. ఫ్రేముకు ఆనుకుని ఉండే బోల్టు దగ్గర అంత చోటుండదు. 2001 తర్వాత పల్సర్ల మాదిరి బండ్లు, డిస్కు బ్రేకులు వచ్చాక అలెన్ బోల్టులు ఎక్కువయ్యాయి, సందులు తక్కువయ్యాయి. అట్లాంటి చోట చిన్న రాచెట్టు కావాలి. పావంగుళం చదరం మొన ఉండేది, 6.35 మిల్లీమీటర్లు. బిట్రగుంటలో రైలెక్కి చెన్నై పోయి, పుదుపేట పాత సామాన్ల అంగళ్ళలో ఒక రాచెట్టు కొన్నాను. పళ్ళు లెక్కపెట్టాను, 36. అంటే 10 డిగ్రీలకే పట్టు దొరుకుతుంది.

రాచెట్టయితే వచ్చింది. దాని మొనకు తగిలించే అలెన్ సాకెట్లేవీ? కావలిలో ఒక పెద్ద అంగడికి పోయాను. ముందు ‘ఏ ఊరు’ అన్నాడు. ‘బోగోలు’ అంటే ‘ఎవరి తాలూకు’ అన్నాడు. సాకెట్టు కొనేదానికి తాలూకా ఎందుకో! మనిషిని చూసి ‘అర అంగుళం సెట్టుంది, లారీలోళ్ళు కొంటారు, పది ముక్కలు’ అన్నాడు. చూస్తానంటే పెట్టె తెరవలేదు. దాని ధర నా పన్నెండు రోజుల రాబడి. పైగా అది నా రాచెట్టుకు ఎక్కదు. నెల్లూరులో పావంగుళానివి ఉన్నాయిగానీ అవీ సెట్టే, విడిగా ఇవ్వరు. నాకు కావలసినవి మూడు, 4, 5, 6. మిగతా ఏడూ పెట్టెలో తుప్పు పట్టడానికి నేను డబ్బు కట్టాలి. చేతిలో డబ్బున్నోడికి సెట్టు చవక. లేనోడికి విడిగా దొరకదు.

దారి చూపింది నెల్లూరులో ఒక లేతు భాయి. ‘ఇది కొనేదేందబ్బయా, కోసుకునేది’ అన్నాడు. మామూలు సాకెట్ల సెట్టుల్లో 4, 5, 6 ఎం.ఎం. చిన్న గొట్టాలుంటాయి. మోటారు సైకిలుకు అవి పెద్దగా పనికిరావు, పుదుపేటలో గుట్టగా పడుంటాయి, చిల్లరకే ఇస్తారు. ఆ 5 ఎం.ఎం. గొట్టంలో 5 ఎం.ఎం. ఎల్ కీ తునక సరిగ్గా కూర్చుంటుంది. గొట్టం లోపల ఒక సెంటీమీటరు, బయట ఒకటిన్నర. అంతే, అలెన్ సాకెట్టు అయిపోయింది.

కోసేదానిలోనే ఉంది కిటుకంతా. కీకి పదును పెట్టి ఉంటుంది కాబట్టి రంపపు బ్లేడు దాని మీద జారిపోతుంది. తిరిగే రాయితో కోయాలి. ఒక్కసారిగా కోస్తే వేడెక్కి ఇనుము నీలంగా మారుతుంది, ఇంక ఆ తునక మెత్తబడి మెలి తిరుగుతుంది. అందుకని రవంత కోసి నీళ్ళలో ముంచాలి, మళ్ళీ రవంత, మళ్ళీ నీళ్ళు. కొసన అంచులు సన్నగా రుద్దాలి, లేకుంటే గుంటలోకి దిగదు. భాయి మూడు తునకలు కోసిచ్చి టీ డబ్బులు తీసుకున్నాడు. చేతికే ఇచ్చాడు, చేత్తోనే తీసుకున్నాడు. ఇన్నేళ్ళయినా నాకు ఆ సంగతి గుర్తుంది.

దీనికీ ఒక హద్దుంది. 8 ఎం.ఎం. కీ పట్టే 10 ఎం.ఎం. బోల్టు మీద పావంగుళం రాచెట్టు పెట్టకూడదు. రాచెట్టు పిడికి గొట్టం తగిలించి బలం పెంచేవాళ్ళను చూశాను. లోపల పళ్ళు విరిగిపోతాయి. అట్టాంటి దానికి పొడుగు ఎల్ కీనే మేలు.

మా మేనకోడలి కొడుకు ఇప్పుడు ఫోనులో సెట్టు తెప్పిస్తాడు. ఎవరి తాలూకని ఫోను అడగదు, వాడి అదృష్టం. మొదటిసారి తెప్పించిన సెట్టులో 5 ఎం.ఎం. ముక్క వారానికే జిలేబీ మాదిరి మెలి తిరిగింది. కొనేటప్పుడు మెరుపు చూడొద్దురా అని చెప్పాను. గొట్టం క్రోమ్ వెనేడియం అయినా, లోపలి ముక్క ఎస్2 ఉక్కు అని రాసుందా, అది విడిగా మార్చుకునేటట్టుందా, ఆ రెండూ చూడు అన్నాను. ఈసారి విడిగా మూడే తెప్పించాడు. ఇప్పుడు విడిగానూ దొరుకుతున్నాయి.

నేను మాత్రం ఇంకా తునకలతోనే. వారానికి రెండు రోజులు జువ్వలదిన్నె పోతాను, పడవ ఇంజన్ల పనికి. ఉప్పుగాలికి బోల్టులు పట్టేసి ఉంటాయి. ముందు రోజే నూనె పోసి రమ్మంటే పడవోళ్ళు మరిచిపోతారు, నేనే పోసి మరుసటి పొద్దున మళ్ళీ పోవాల. మొన్న నీళ్ళ పంపు మూత విప్పేటప్పుడు 5 ఎం.ఎం. తునక రొంత జారింది. తీసి చూస్తే ఒక మూల అరిగింది. నెల్లూరు భాయి ఇప్పుడు లేడు, ఆయన కొడుకున్నాడు. ఆదివారం పోయి కోయించుకోవాల.