పైన పటారం, లోన ఎల్‌ఎస్3

1969 నాటి షెవర్లే కమారో ఒకటి అమ్మకానికి వచ్చిందంటే, తల పండిన కొనుగోలుదారు ఇంజిన్ చప్పుడు వినడానికి ముందే జేబులోంచి చిన్న అయస్కాంతం తీస్తాడు. వెనక చక్రం చుట్టూ, తలుపుల కింది అంచు వెంబడి దాన్ని ఆనించుకుంటూ పోతాడు. అంటుకుంటే కింద ఇనుము ఉన్నట్టు. జారిపోతే అక్కడున్నది రంగు కింద దట్టించిన పుట్టీ, దాని వెనక తుప్పు తినేసిన చిల్లు. ఇలాంటి చోట్లు నాలుగైదు బయటపడినా అతను బేరం మానుకోడు. ధర తగ్గించమంటాడు, అంతే.

ఇలా మామూలు సైజు బండిలో భారీ ఇంజిన్ దించిన అమెరికన్ మజిల్ కార్లకు మూలపురుషుడు 1964 పాంటియాక్ జీటీఓ అని ఎక్కువమంది ఒప్పుకుంటారు. ఆ సైజు బండ్లలో 330 ఘనపు అంగుళాలకు మించిన ఇంజిన్ పెట్టకూడదని మాతృసంస్థ జనరల్ మోటార్స్ కట్టడి. పాంటియాక్ ఇంజినీరు జాన్ డిలోరియన్ బృందం కొత్త మోడల్ అనే మాటే ఎత్తకుండా, టెంపెస్ట్ లెమాన్స్‌కు అదనపు హంగు అన్న పేరుతో 389 ఘనపు అంగుళాల వీ8ని దించేసింది. హంగుల మీద ఆంక్ష లేదు కదా! అక్కణ్నుంచి అన్ని కంపెనీలూ ఎగబడ్డాయి. 1968లో ప్లిమత్ తన రోడ్ రన్నర్‌కు ఆ కార్టూన్ పక్షి పేరు పెట్టుకోవడానికి వార్నర్ బ్రదర్స్‌కు 50,000 డాలర్లు కట్టి, హారన్‌ను కూడా ఆ పక్షిలాగే బీప్ బీప్‌మనిపించింది. 1970 నాటికి షెవర్లే షెవెల్ ఎస్‌ఎస్ 454లో ఇంజిన్ 450 హార్స్‌పవర్‌కు చేరింది. బీమా ప్రీమియంలు, కాలుష్య నిబంధనలు, 1973 చమురు సంక్షోభం కలిసి ఆ వైభోగానికి పదేళ్లలోపే తెర దించాయి.

అభిమానులు ఒప్పుకోరు గానీ, ఇవి సూటిగా దూసుకుపోవడానికి తప్ప మరెందుకూ పెద్దగా కొరగాని బండ్లు. చాలావాటికి నాలుగు చక్రాలకూ డ్రమ్ బ్రేకులే. కొండ దిగుతూ నాలుగుసార్లు గట్టిగా తొక్కితే అవి వేడెక్కి పట్టు వదిలేస్తాయి. స్టీరింగ్ తిప్పాక బండి కాసేపు ఆలోచించుకుని గానీ తిరగదు. మస్టాంగ్, కమారో, చార్జర్‌లకు వెనకవైపు లారీలకుండేలాంటి కమాను కట్టలు. చలికాలం పొద్దున్నే కార్బ్యురేటర్‌ను బతిమాలుకోవడం సరేసరి.

యజమాని మనసులో ఉన్న బండి వేరు. పదహారో ఏట పక్కింటి ముందు ఆగి ఉండగా నోరు వెళ్లబెట్టి చూసినది. అది ఎన్నడూ మొరాయించలేదు, బ్రేకులు పడకుండా పోలేదు. పాత బాడీలో కొత్త యంత్రాలు అమర్చే రెస్టోమాడ్ అనే పద్ధతి ఆ ఊహలోని బండిని తయారుచేసి ఇస్తుంది.

ఇందులో సింహభాగం జనరల్ మోటార్స్ ఎల్‌ఎస్ ఇంజిన్లది. మొదటిది 1997 కార్వెట్‌లో వచ్చిన అల్యూమినియం ఎల్‌ఎస్1. క్యామ్‌షాఫ్ట్ బ్లాకులోనే ఉండటంతో ఇవి వెడల్పు తక్కువ, పాత బానెట్ల కింద ఇట్టే ఇమిడిపోతాయి. 430 హార్స్‌పవర్ ఎల్‌ఎస్3ని కంపెనీయే చెక్కపెట్టెలో పెట్టి అమ్ముతుంది. దానికి ఆరు గేర్ల గేర్‌బాక్సు, డిస్క్ బ్రేకులు, ఏసీ తోడవుతాయి. పాత ఇంజినే ఉంచుకునేవారికి హోలీ కంపెనీ స్నైపర్ ఉంది: కార్బ్యురేటర్ ఉన్న చోటే కూర్చుంటుంది, దాని పోలికలోనే ఉంటుంది, లోపల మాత్రం కంప్యూటర్ పెట్రోలు కొలిచి చిమ్ముతుంది. మూత తీస్తే గానీ గుట్టు తెలియదు. 2004లో మొదలైన ఓవర్‌హాలిన్ టీవీ షోలో చిప్ ఫూజ్ బృందం ఇదంతా వారంలో ముగించేది. మామూలు షెడ్డులో టింకరింగ్‌కే నెలలు పడుతుంది. తుప్పుతో వేగలేనివారు 1969 కమారో బాడీని మొత్తంగా కొత్తదే డైనకార్న్ దగ్గర కొనుక్కోవచ్చు. అప్పుడిక పాతదేమిటని అడిగితే యజమానులు మాట మారుస్తారు.

ఛాందసులకు ఇదంతా అపచారం. ఇంజిన్ మీది నంబరు, ఛాసిస్ నంబరు జతపడాలి, చివరికి బోల్టు కూడా ఆనాటిదే కావాలి. వాళ్ల చేతిలో గట్టి సాక్ష్యమూ ఉంది. బులిట్ సినిమాలో స్టీవ్ మెక్‌క్వీన్ నడిపిన 1968 మస్టాంగ్ 2020 జనవరిలో ఫ్లోరిడా వేలంలో ఫీజులతో కలిపి 37.4 లక్షల డాలర్లు పలికింది. సొట్టలు, వెలిసిన రంగు అలాగే ఉన్నాయి. అలాంటిదాన్ని, లేదా పదీ పన్నెండుకు మించి తయారుకాని 1971 హెమీ కుడా కన్వర్టిబుల్‌ను కోయడం నేరమే. కానీ లక్షల్లో అమ్ముడైన ఆరు సిలిండర్ల మస్టాంగ్‌లో కొత్త బ్రేకులు వేస్తే చరిత్రకు వచ్చిన నష్టమేమీ లేదు.

అసలు పరీక్ష ఇప్పుడొచ్చింది. 2021లో ఫోర్డ్ ఎల్యూమినేటర్ పేరుతో 281 హార్స్‌పవర్ విద్యుత్ మోటారును బ్యాటరీ లేకుండా 3,900 డాలర్లకు అమ్మకానికి పెట్టింది. బ్రేకులు మార్చినా, ఇంజినే మార్చినా నోరెత్తని రెస్టోమాడ్ అభిమానుల్లో చాలామంది దీని దగ్గర మొండికేశారు. ఆ ఉరుము లేకపోతే ఎలా అన్నది వాళ్ల బాధ. డాడ్జ్‌కు ఆ నాడి తెలుసు. విద్యుత్ చార్జర్ డేటోనాకు స్పీకర్లు, గొట్టాలు అమర్చి వీ8లా గర్జించే ఏర్పాటు చేసి మరీ బజారులోకి తెచ్చింది.