గోనెసంచిలోని మూడు చీరలు



బొంత యెరుగని యిల్లు మన పల్లెలలో లేదు. మనలో అనేకులము బొంతమీద పుట్టితిమి, బొంత క్రింద పెరిగితిమి. ఈ దినములలో మెత్తని రంగురంగుల దుప్పట్లు సంతలో చవుకగా దొరకుచున్నవి గనుక బొంత కుట్టువారు తగ్గిపోయిరి. అయినను పాతచీర చేతికి వచ్చినప్పుడు దానిని పారవేయలేక మడతపెట్టి మూలనుంచు అలవాటు మాత్రము మనలను విడువలేదు. మీలో చాలామంది కుట్టుట మానితిరి గాని దాచుట మానలేదు. నేనైతే రెండును మానలేదు. ఆ దాచుటవలన నాకు కలిగిన సిగ్గును, దానివలన నేర్చుకొనిన కొద్ది సంగతిని ఈ నెల మీకు వ్రాయుచున్నాను.

పాస్టరుగారు బొంతలు కుట్టుట యేమని నవ్వువారున్నారు. ఇది మా తల్లి నాకిచ్చిన విద్య. మాది రేపల్లె ప్రాంతము. 1977 నవంబరు 19వ తేదీని దివిసీమను ఉప్పెన ముంచి వేలకొలది ప్రాణములను తీసికొనినప్పుడు నాకు ఎనిమిదేండ్లు. మా గ్రామము సముద్రమునకు దూరముగా నుండుటచేత మా ప్రాణములు దక్కెను గాని, గాలికి మా పాక కూలెను. కట్టుబట్టలు తప్ప సమస్తమును బురదపాలాయెను. ఆ రాత్రి తడిసిన బట్టలతో ఒకరినొకరము అంటిపెట్టుకొని కూర్చుండిన చలి ఇప్పటికిని నా యెముకలలో నున్నది. కొన్ని దినములకు సహాయముగా పంచబడిన బట్టలలో మాకు దొరికినవి ఎవరి ఒంటికిని సరిపడని చొక్కాలు, లాగులు. మా తల్లి వాటి కుట్లు విప్పి, ముక్కకు ముక్క చేర్చి, పదిహేను దినములలో ఒక బొంత కుట్టెను. సూదిలో దారమెక్కించుట నా పని. ఆ బొంత క్రింద మేము నలుగురు పిల్లలము మూడు చలికాలములు గడిపితిమి. ఆనాటినుండి గుడ్డముక్క నా కంటికి గుడ్డముక్కగా కనబడదు.

కుట్టు విధమును ఎరుగనివారి కొరకు క్లుప్తముగా చెప్పెదను. అయిదున్నర మీటర్ల చీరను సగమునకు చింపిన రెండు ముక్కలగును. ఒకటి పైకి, ఒకటి అడుగునకు. మధ్యలో రెండు పాతచీరలో పంచెలో మడతలు మడతలుగా పరచవలెను. నాలుగు మూలలను బరువులు పెట్టి లాగి, మొదట పెద్ద కుట్లతో నిలిపి, తరువాత అంచునుండి లోపలికి వరుస వరుసగా కుట్టుకొనుచు రావలెను. నూలు చీరయైతే ఉదుకగా ఉదుకగా మెత్తనై చెమటను పీల్చుకొనును. పాలియెస్టరు జారిపోవును, చెమట పీల్చదు. గట్టిబట్ట ప్రక్కన నీరసించిన బట్టను కుట్టినయెడల నీరసించినదే మొదట చినుగును. కొత్తబట్టను నానబెట్టి ఆరవేయక వాడరాదు. అది తరువాత ముడుచుకొనును, రంగు దిగి ప్రక్కదానిని పాడుచేయును. గంజి పెట్టిన బట్టను అట్లే దాచరాదు. గంజికి పురుగు చేరును. ఇవన్నియు నాకు బాగుగా తెలియును. తెలిసినవాడనై యుండియు ఏమి చేసితినో వినుడి.

పాస్టరు యింటికి బట్ట వచ్చినట్లు మరియొక యింటికి రాదు. పెండ్లికి పోయిన పంచెల చాపు. గృహప్రవేశమునకు పోయిన అమ్మగారికి చీర, జాకెట్టు ముక్క. సభకు పోయిన శాలువా. నేను బొంతలు కుట్టుదునని తెలిసిన తరువాత చనిపోయినవారి బట్టలుకూడ తెచ్చి యిచ్చుచుండిరి. కాల్చుటకు మనసొప్పక, కట్టుకొనుటకు మనసొప్పక, "అయ్యగారి దగ్గరుంటే ఎవరికో ఒకరికి పనికొస్తయ్యి" అని చెప్పి పోవుచుండిరి. ఇవి చాలవని నేను చీరాల పోయినప్పుడెల్ల కాటా వేసి అమ్ము కత్తిరింపు ముక్కలను రెండు కిలోలు, మూడు కిలోలు కొని తెచ్చుచుంటిని. ఎందుకండీ అని నా భార్య అడిగిన, ఎప్పుడైన పనికివచ్చును అని జవాబు. ఆ "ఎప్పుడైన" అను దినము పంచాంగములో లేదని ఆమె ఒకసారి అనెను. నేను నవ్వి ఊరకుంటిని.

ట్రంకుపెట్టెలు రెండు నిండెను. తరువాత మంచము క్రింద మూటలు, అటకమీద మూటలు, వెనుకటి కొట్టుగదిలో గోడకానించిన గోనెసంచులు. వేపాకు వేసితిని, కలరా ఉండలు వేసితిని. వాటిని చూచుకొనినప్పుడు నాకు ఒక ధైర్యముగా నుండెడిది. ఏదైన కావలసివచ్చి వెదకినయెడల మాత్రము దొరకెడిది కాదు. దొరకక మరల కొనుచుంటిని.

గత సంవత్సరము నాకు బదిలీ ఉత్తరువు వచ్చెను. తొమ్మిది సంవత్సరములు కాపురమున్న యింటిని ఆరు వారములలో ఖాళీ చేయవలెను. సామాను కట్టుటకు వచ్చిన యౌవనస్థులు మూటలను ముంగిటిలో వేయుచు, "అయ్యగారు బట్టలకొట్టు పెట్టబోతున్నారా?" అని హాస్యమాడిరి. నా భార్య హాస్యమాడలేదు. "అవన్నీ చాపలమీద పరవండి, లెక్కపెడదాం" అనెను.

లెక్కపెట్టితిమి. చీరలు 71, పంచెలు 38, శాలువాలు 44, జాకెట్టు ముక్కలు 160కి పైగా. కత్తిరింపు ముక్కలను లెక్కింపలేక విడిచితిమి. చీరలు పంచెలు కలిపి 109. బొంతకు మూడు చొప్పున 36 బొంతలు. పరిచర్య పనులమధ్య నేను కుట్టగలిగినది సంవత్సరమునకు రెండు. అనగా ఆనాటినుండి ఒక్క గుడ్డయైనను తీసికొనకుండినను, ఉన్నది ముగియుటకు 18 సంవత్సరములు. నా వయస్సు 56. అప్పటికి 74. చూపు నిలుచునో, చేయి వణకకుండునో! చాపమీద కూర్చుండి వ్రేళ్లమీద ఆ లెక్క వేసిన దినమున, నేను కూర్చుకొనినది నా ఆయుష్షుకంటె ఎక్కువని నాకు మొదటిసారి తెలిసెను.

అయితే అసలు దెబ్బ తరువాత తగిలెను. కొట్టుగదిలోని చివరి గోనెసంచి ఎత్తగానే అడుగు ఊడి వచ్చెను. గోడ చెమ్మలోనుండి చెదలు పైకి ప్రాకి సంచి వెనుకవైపంతయు తినివేసియుండెను. లోపల మూడు చీరలు. వాటికి గుచ్చిన చీటిమీద నా చేతివ్రాత: ఒక పేరు, 2019 జూలై.

ఆ పేరు ఇక్కడ వ్రాయను. ఆమె మా సంఘములో ఒక ముసలమ్మ. ఆ యేట ఆమె కుమార్తె పురిటిలో చనిపోయెను, మగబిడ్డ బ్రదికెను. మట్టిచేసిన పది దినములకు ఆమె ఆ మూడు చీరలు తెచ్చి, "పిల్లోడికి తల్లి వాసన తెలియదండి. ఒక బొంత కుట్టిపెట్టండయ్యగారూ" అని అడిగెను. కుట్టెదనంటిని. ఈ బొంత అన్నిటికంటె అందముగా నుండవలెనని, చీరలకు తగిన అంచుగుడ్డ దొరకువరకు ఆగితిని. చీరాలలో వెదకితిని, మనసునకు నచ్చలేదు. మరుసటి సంవత్సరము, 2020లో, కరోనా వచ్చెను. సంచిమీద సంచి పడెను. నేను మరచితిని.

ఆమె మరువలేదు. ప్రతి ఆదివారము ఆ పిల్లవానిని చంకనెత్తుకొని వచ్చి ముందువరుస చాపమీద కూర్చుండెడిది. ఆరాధన ముగిసిన తరువాత నేను వాని తలమీద చేయి యుంచి దీవించుచుంటిని. ఆ చేతి పని కొరకు వాని తల్లి చీరలు ఆరు సంవత్సరములు చీకటిలో కాచుకొనియుండెను. చెదలు కాచుకొనియుండలేదు.

అమెరికాలోని అలబామా రాష్ట్రములో జీస్ బెండ్ అను ఊరున్నది. పూర్వము ప్రత్తితోటలలో బానిసలుగా నుండినవారి సంతతివారైన నీగ్రో కుటుంబముల స్త్రీలు అక్కడ తరతరములుగా బొంతలు కుట్టుదురు. వారి బొంతలను 2002లో న్యూయార్కులోని పేరుగాంచిన విట్నీ మ్యూజియములో గోడలకు వ్రేలాడదీసి ప్రజలకు చూపించిరి. వారిలో మిస్సూరి పెట్‌వే అను ఆమె భర్త చనిపోగా, 1942లో అతడు పొలములో తొడుగుకొనిన మాసికల చొక్కాలను, లాగులను చింపి, కుమార్తె సహాయముతో ఒక బొంత కుట్టి, అతని జ్ఞాపకార్థము దానినే కప్పుకొనెను. ఆమె వేరొక అంచుగుడ్డకొరకు ఆగలేదు. అరిగిన మోకాళ్లు, మాసిన రంగులు ఉన్నవి ఉన్నట్లే కుట్టెను. నేను ఈ సంగతిని ఎన్నడో చదివి మెచ్చుకొనియుంటిని. మెచ్చుకొనుటవలన సంచి తెరచుకొనదు గదా!

చెదలు తినగా రెండు చీరలలో సగము సగము మిగిలెను. మూడవది పచ్చచీర; దానిలో జానెడు అంచు తప్ప అంతయు చేతిలో పొడియాయెను. బదిలీ సామాను కట్టుట విడిచి ఆ రాత్రియే కూర్చుంటిని. మిగిలినదానిని కత్తిరించి, లోపల నా తల్లి పాతచీర నొకటి పరచితిని. పసిబిడ్డ కొలత యెప్పుడో దాటిపోయినది గనుక పెద్దవాడు కప్పుకొనదగినంత పొడవు పెట్టితిని. జానెడు పచ్చ అంచును తలవైపున కుట్టితిని. పంతొమ్మిది రాత్రులు పట్టెను. అంచుగుడ్డ యేదియు వేయలేదు.

బొంత తీసికొని పోయితిని. ఆమె నులకమంచముమీద పరచి, అరచేతితో నెమ్మదిగా తడవి చూచెను. ఒక చీరను గుర్తుపట్టెను, రెండవదానిని గుర్తుపట్టెను. తరువాత, "పచ్చచీర ఏదండీ? పురిటికొచ్చేటప్పుడు అదే కట్టుకొచ్చింది" అని అడిగెను.

"చెదలు తిన్నవమ్మా. నా తప్పే. నేనే అశ్రద్ధ చేసినాను" అని చెప్పి తలవైపు అంచు చూపించితిని.

ఆమె దానిమీద బొటనవ్రేలు పెట్టి, "ఇంతేనాండీ?" అనెను.

మరేమియు అనలేదు. ఇన్నేండ్లు ఎందుకు అడగలేదమ్మా అంటిని. "అయ్యగారికి ఎన్ని పనులో అని ఊరుకున్నానండి" అనెను. పిల్లవాడు బడినుండి పరుగెత్తుకొని వచ్చి, బొంతలో దూరి, కాళ్లు చాపి, "ఇంకా ఎంతో మిగిలింది నాయనమ్మా" అని కేకవేసెను. "అమ్మమ్మని రా" అని ఆమె వానిని సరిదిద్దెను. నేను లేచి వచ్చితిని.

లూకా సువార్త 12వ అధ్యాయములోని ధనవంతుని గూర్చి కోతపండుగలలో నేను ఎన్నిసార్లు ప్రసంగించితినో! పంట విస్తారముగా పండగా కొట్లు పడగొట్టి పెద్దవి కట్టదలచిన ఆ మనుష్యుడు భూస్వామియనియే తలంచితిని. పాతగుడ్డలతోకూడ కొట్లు నింపవచ్చునని నాకు తోచలేదు. పేదవాడు దాచినను దాచుటయే. ఉప్పెన రాత్రి చలికి భయపడిన ఎనిమిదేండ్ల పిల్లవాడు నాలో ఇంకను కూర్చుండి, మూటమీద మూట పేర్చుచుండెను. వానిని నేను కోపపడను. అయితే వాని చలి తీర్చుటకు మరియొక పిల్లవాని చలి ఆగవలసివచ్చెను.

ఆరు వారములలో మేము చేసినదిది. మొదట, ఒకరికొరకని ఇతరులు అప్పగించిన బట్టలను వేరుచేసితిమి. ఇంకను నాలుగు మూటలు తేలెను. వాటిని ముందుగా కుట్టుట, లేక క్షమాపణతో తిరిగి యిచ్చుట అని నిర్ణయించితిమి. శాలువాలను పెట్టెలో మ్రగ్గనీయక, చలిలో పొలము కాచు ముసలివారికిని, విధవరాండ్రకును పంచితిమి; సభలలో నా భుజములమీద అరగంట నిలిచినవి ఇప్పుడు రాత్రియంతయు పనిచేయుచున్నవి. రెండు బొటనవ్రేళ్లతో లాగి చూచి చినిగిన బట్టను తుడుపుగుడ్డలు చేసితిమి. పాలియెస్టరు చీరలను జడవలె అల్లి కాలిపట్టాలు చేసితిమి. చిన్న పేలికలను దిండ్లలో కూరితిమి. మంచి నూలు చీరలలో ముప్పదింటిని సంఘములోని స్త్రీలకిచ్చి, శనివారము మధ్యాహ్నములు వేపచెట్టు క్రింద కుట్టు నేర్పితిని. ఒక్కడనై సంవత్సరమునకు రెండు కుట్టినవాడను, పదిమంది కూర్చుండగా అయిదు వారములలో ఏడు బొంతలు ముగియుట చూచితిని.

క్రొత్త ఊరికి ఒక ట్రంకుపెట్టె మాత్రమే తెచ్చుకొంటిమి. దానికి ఒక కట్టడ: ఒకటి కుట్టి బయటికి పోనిదే మరియొకటి లోపలికి రాదు. ఎవరైన బట్ట తెచ్చినయెడల చీటిమీద తేదీతోకూడ గడువును వ్రాయుదును. గడువులో కుట్టలేనని తోచినయెడల అప్పుడే చెప్పుదును. "లేదు" అని చెప్పుట నాకు కష్టము. "ఇంతేనాండీ" అను మాట వినుట అంతకంటె కష్టము.

అపొస్తలుల కార్యములు 9వ అధ్యాయములో దొర్కా చనిపోయినప్పుడు విధవరాండ్రు ఏడ్చుచు పేతురునకు ఏమి చూపించిరో మీరెరుగుదురు. ఆమె కుట్టియిచ్చిన బట్టలను చూపించిరి. ఆమె పెట్టె తెరచి, ఇంకను కుట్టవలసిన గుడ్డ యెంత కూర్చెనో చూపించినట్లు అక్కడ వ్రాయబడలేదు. సెమినరీలో ఆ అధ్యాయమును చదివిన దినములలో నాకిది కనబడలేదు; చెదలు తిన్న సంచి నాకు చూపించెను.

ప్రియులారా, మీ అటకమీదను ఒక మూట యుండవచ్చును. ఈ ఆదివారము మధ్యాహ్నము దానిని దింపి ఎండలో విప్పుడి. అడుగున ఎవరి పేరైన ఉన్నదేమో చూడుడి. ఉన్నయెడల, అంచుగుడ్డ కొరకు ఆగవద్దు.