పరీక్షకు రాని పుస్తకం



మన సంచికలో ఎక్కువగా చదువు, ఉద్యోగం, పోటీ పరీక్షల గురించే రాస్తుంటాం. అవి అవసరమే. ఈసారి నేను మాత్రం ఏ పరీక్షలోనూ ఒక్క మార్కు తెచ్చిపెట్టని ఇంగ్లీషు నవల గురించి రాస్తున్నాను. పేరు 'ది లాస్ట్ కింగ్‌డమ్'. రచయిత బెర్నార్డ్ కార్న్‌వెల్. 2004లో వచ్చింది. హైదరాబాదు ఆబిడ్స్‌లో ఆదివారం ఫుట్‌పాత్ మీద పాత పుస్తకాలు అమ్మేచోట 60 రూపాయలకు కొన్నాను. నేను చదివేది ఎం.ఎస్సీ. గణితం. నా సిలబస్‌కూ ఈ కథకూ ఏ సంబంధమూ లేదు.

కథ జరిగేది తొమ్మిదో శతాబ్దంలో. అప్పటికి ఇంగ్లండ్ అనే ఒకే దేశం లేదు. నార్తంబ్రియా, మెర్సియా, ఈస్ట్ ఆంగ్లియా, వెసెక్స్ అనే నాలుగు రాజ్యాలు ఉండేవి. 865లో డేన్ల పెద్ద సైన్యం ఓడల్లో వచ్చి దిగింది. వీళ్లనే మనం వైకింగులు అంటాం. పదేళ్లలో మూడు రాజ్యాలు వాళ్ల చేతిలోకి పోయాయి. మిగిలింది వెసెక్స్ ఒక్కటే. నవలకు ఆ పేరు అందుకే.

కథానాయకుడు ఉహ్‌ట్రెడ్. నార్తంబ్రియాలో బెబ్బన్‌బర్గ్ కోటకు వారసుడు. పదేళ్ల వయసులో తండ్రి యుద్ధంలో చనిపోతాడు. చిన్న కత్తి పట్టుకుని శత్రువుల మీదికి ఉరికిన ఆ పిల్లవాణ్ణి చూసి రాగ్నార్ అనే డేన్ నాయకుడు నవ్వి, తనతో తీసుకుపోయి కొడుకులా పెంచుతాడు. ఇక్కడ కోటను సొంత బాబాయే ఆక్రమిస్తాడు. భూమి తగాదాలు చూసిన మన ఊళ్ల పిల్లలకు ఇది వేరే దేశం కథ అనిపించదు. పెద్దయ్యాక ఉహ్‌ట్రెడ్ వెసెక్స్ రాజు ఆల్ఫ్రెడ్ పక్షాన డేన్ల మీద కత్తి పట్టాల్సి వస్తుంది. కన్నవాళ్లు ఒకవైపు, పెంచినవాళ్లు మరొకవైపు.

మొదటి ముప్పై పేజీలు నిఘంటువు పక్కన పెట్టుకుని చదివాను. తరువాత నిఘంటువు సంగతే మర్చిపోయాను. యుద్ధంలో అందరూ డాళ్లు ఒకదానిమీద ఒకటి ఆనించి గోడలా నిలబడతారు. నీ డాలు నిన్నే కాదు, నీ పక్కవాణ్ణీ కాపాడుతుంది. ఒక్కడు వెనక్కి తగ్గితే గోడ అంతా కూలుతుంది. ఆ పేజీలు చదువుతుంటే చేతులు బిగుసుకుపోయాయి.

నవల పట్టుకున్నాక అసలు చరిత్ర కూడా వెతికి చదివాను. ఆల్ఫ్రెడ్ నిజమైన రాజు, 871 నుండి 899 వరకు పాలించాడు. 878లో రాజ్యం దాదాపు పోగొట్టుకుని అథెల్నీ చిత్తడి నేలల్లో తలదాచుకున్నాడు. ఆ ఏడాదే ఎడింగ్టన్ దగ్గర గెలిచాడు. కొమ్ముల శిరస్త్రాణాలు వైకింగులు పెట్టుకున్నారనడానికి ఆధారం లేదని కూడా అప్పుడే తెలిసింది. మనం భయపడే ఇంగ్లీషులో స్కై, ఎగ్, నైఫ్, విండో అనే మాటలు ఆ ఓడల్లో వచ్చి స్థిరపడినవాళ్ల భాష నుండి వచ్చినవే.

ఆల్ఫ్రెడ్ లాటిన్ పుస్తకాలను జనం భాషలోకి అనువదింపజేశాడు. స్వేచ్ఛగా పుట్టిన, స్తోమత ఉన్న యువకులందరూ చదవడం నేర్వాలని కోరుకున్నాడు. ఈ మాట దగ్గర ఆగిపోయాను. ఆ కాలంలో అక్కడ బానిసలు కూడా ఉన్నారు. ఆ కోరికలో వాళ్లు లేరు. మా ఇంట్లో డిగ్రీ చదివిన మొదటివాణ్ణి నేను. ఆ రాజ్యంలో పుట్టి ఉంటే ఏ వరుసలో ఉండేవాణ్ణో ఆలోచించాను. రాజును మెచ్చుకుంటూనే ఈ ప్రశ్న కూడా అడగవచ్చని నాకు నేర్పింది ఆ నవల తెచ్చిన కుతూహలమే.

సెలవుల్లో ఇంటికి పోయినప్పుడు అమ్మ పుస్తకం చూసి, "ఇది పరీక్షల అస్తదా బిడ్డా?" అంది. రాదన్నాను. అమ్మ ఏమీ అనలేదు గాని, నా చదువుకు వాళ్లిద్దరూ ఎంత కష్టపడుతున్నారో తెలిసినవాణ్ణి కాబట్టి నాకు ఇబ్బందిగా అనిపించింది. ఆ రాత్రి వాకిట్లో నాయినకు కథంతా చెప్పాను. తాపీ పని చేసి అలసిపోయి ఉన్నా, ఒగ్గుకథ విన్నట్టే ఊ కొడుతూ విన్నాడు. చివరికి, "సాదినోళ్లను ఇడ్సిపెట్టి పోయిండా? గా పోరని పానం ఎంత కొట్టుకుందో!" అన్నాడు. మూడు వందల పేజీల్లో నాకు అర్థమైంది నాయిన ఒక్క మాటలో చెప్పేశాడు. అమ్మ, "తర్వాత ఏమైంది?" అని అడిగింది.

తర్వాత చాలా ఉంది. 2020 వరకు మొత్తం 13 నవలలు వచ్చాయి. నేను ఇంకా రెండోదానిలో ఉన్నాను.

తమ్ముళ్లూ, గైడ్లు చదవండి, మార్కులు తెచ్చుకోండి. మన ఇళ్లకు అవి కావాలి. కాని సంతోషం కోసం చదివే హక్కు డబ్బున్న ఇళ్ల పిల్లలకే రాసిపెట్టలేదు. ఏడాదికి ఒక్కటైనా పరీక్షకు రాని పుస్తకం చదవండి. చదివి, ఇంట్లో చెప్పండి.