విశాఖ తీరాన వీరుల గుర్తులు

మా పుప్పాలగూడలో ఇప్పుడు ఎటు చూచినా అంతస్తుల మీద అంతస్తులే. సెలవుల్లో పిల్లలను ఎక్కడికి తీసికొని వెళ్లాలన్నది ఇక్కడి తలిదండ్రులకు పెద్ద ప్రశ్న. సికింద్రాబాదు పరేడ్ గ్రౌండ్స్‌లో వీరుల సైనిక స్మారకం ఉన్నదని మా వీధిలో చాలామందికి తెలియదు. గత డిసెంబరులో మేము నాలుగు కుటుంబాలవారము కలిసి రాత్రి రైలెక్కి విశాఖపట్టణం వెళ్లాము.

బీచ్ రోడ్డులో 1971 యుద్ధ విజయానికి గుర్తుగా 1996లో కట్టిన 'విక్టరీ ఎట్ సీ' స్మారకం ఉన్నది. ఏటా డిసెంబరు 4న నౌకాదళంవారు అక్కడ పుష్పగుచ్ఛాలుంచి శ్రద్ధాంజలి ఘటిస్తారు. మేము వెళ్లిన సాయంత్రం మాత్రం దాని చుట్టూ ఫోటోల సందడే. మొక్కజొన్న కండెలు తిని అక్కడే పారవేసినవారూ ఉన్నారు.

ఆ రోడ్డులోనే కురుసుర జలాంతర్గామి ఉన్నది. 1969లో నౌకాదళంలో చేరి, ఆ యుద్ధంలో పాల్గొని, 2001లో విరమించింది. 2002 నుండి మ్యూజియం. పొడవు 91 మీటర్లు. లోపల దారి చూపేవారు నౌకాదళంలో పనిచేసి రిటైరైనవారే. మావాడొకడు ఒక చక్రం పట్టుకొని తిప్పబోతే పెద్దాయన కసరలేదు. "నాన్నా, నువ్వు నిలబడ్డచోట ఒకాయన గంటల తరబడి నిలబడి డ్యూటీ చేసేవాడు" అన్నారు. వాడు చెయ్యి తీసేశాడు.

ఇంకొక అబ్బాయి, "పాకిస్తాన్ గాజీని ఇక్కడే ముంచేశాం కదండీ!" అన్నాడు. అందరూ చప్పట్లు కొట్టారు. ఆయన కొట్టలేదు. "అందులో తొంభైమందికి పైగా ఉన్నారు బాబూ. వాళ్లకూ అమ్మలున్నారు" అన్నారు. గెలుపును కాదనకుండానే చెప్పవలసినది చెప్పారాయన. ఆ గాజీ ఇప్పటికీ ఈ తీరానికి కొద్ది దూరంలోనే సముద్రగర్భంలో ఉన్నది.

అమెరికాలో పెర్ల్ హార్బర్ సంగతి ఇలాంటిదే. 1941లో మునిగిన అరిజోనా ఓడలో 1,177 మంది చనిపోయారు. వారిలో ఎక్కువమంది నేటికీ ఆ ఓడలోనే ఉన్నారు. అక్కడి పార్కు రేంజర్లు ఇది సమాధిస్థలమని, నెమ్మదిగా మాట్లాడమని సందర్శకులకు చెబుతారు. బోర్డు పెట్టినంత మాత్రాన ఆ పని జరుగదు, మనిషి చెప్పాలి. మన పిల్లలకైతే ఆ మాట రైలులోనే చెప్పడం మంచిది.

కురుసురకు సోమవారం సెలవు. గుండ్రని ద్వారాలలో వంగి దూరి వెళ్లాలి గనుక మోకాళ్ల నొప్పులున్న పెద్దలు ఆలోచించుకోవాలి.