సోమవారం కోసం ఆరు రోజులు

తెల్లవారుజామున నాలుగింటికే పక్కింటి కోడిపుంజు మొదలుపెడుతుంది. దానికి జవాబుగా వీధి చివర ఇంకోటి అందుకుంటుంది. ఆ వెనకే చెరువు గట్టు మీద మరోటి. ఆరున్నరకు నిద్ర లేవాలన్నది ఆ కుర్రాడికి పెట్టిన నియమం. కోళ్లకు ఆ నియమం తెలీదు కదా! దిండు చెవుల మీదికి లాక్కుని కళ్లు మూసుకుంటాడు. ఇంతలో సందులోంచి 'తాహో...' అని సాగదీసిన కేక. సోయా పాలతో చేసిన మెత్తటి గడ్డ, పైన బెల్లం పాకం, సగ్గుబియ్యం... భుజాన కావడి వేసుకుని అమ్మే మనిషి వచ్చేశాడు. ఇక నిద్రేం పడుతుంది? లేచి గ్లాసు పట్టుకుని పరిగెత్తాల్సిందే.

ఇది ఫిలిప్పీన్స్‌లో నుయేవా ఎసిహా ప్రాంతం. మనీలాకు ఉత్తరాన ఉంటుంది. మనకు గోదావరి జిల్లాలెలాగో ఆ దేశానికి ఇది అలాగ. ఎటు చూసినా వరి చేలు. కోతలయ్యాక సగం రోడ్డు మీద ధాన్యం ఆరబోసి ఉంటుంది. జీపులూ మోటార్‌సైకిళ్లూ మిగతా సగంలోంచి సర్దుకుని పోవాల్సిందే. ఆ ధాన్యం పక్కగా, ఎర్రటి ఎండలో, తెల్ల చొక్కా వేసుకుని టై కట్టుకుని నడిచిపోయే పొడుగాటి కుర్రాడికి పందొమ్మిదేళ్లు. జేబు దగ్గర నల్ల బ్యాడ్జి. దాని మీద ఇంటిపేరు, ముందు 'ఎల్డర్' అనే మాట. అంటే పెద్దాయన అని. మీసం సరిగ్గా మొలవని పెద్దాయన!

అతనిది అమెరికాలోని ఐడహో. బంగాళాదుంపలు పండించే కుటుంబం. అక్కడ దుంపలు తవ్వే కాలంలో కొన్ని ఊళ్లలో బడికి రెండు వారాలు సెలవు కూడా ఇస్తారు. పదమూడో ఏట నుంచీ ఆ సెలవుల్లో తాతయ్య పక్కన ట్రాక్టరెక్కి కూలి సంపాదించి దాచుకున్నాడు. ఎందుకంటే, వాళ్ల సంప్రదాయం ప్రకారం వయసొచ్చిన అబ్బాయి రెండేళ్లు మతప్రచారానికి వెళ్లాలి. ఆ ఖర్చు కూడా వాళ్లదే. అమెరికా నుంచి వెళ్లేవాళ్లు నెలకు 400 డాలర్లు కట్టేవారు. 2020 జులై నుంచి అది 500 అయింది. ఎన్ని బస్తాల దుంపలో లెక్కేసుకోండి.

లోకం మోర్మన్లని పిలిచే ఈ చర్చిని 1830లో న్యూయార్క్ రాష్ట్రంలో జోసెఫ్ స్మిత్ స్థాపించాడు. ఇప్పుడు దాని కేంద్రం యూటా రాష్ట్రంలోని సాల్ట్ లేక్ సిటీ. అబ్బాయిలు 24 నెలలు, అమ్మాయిలు 18 నెలలు పనిచేస్తారు. 2012 దాకా అబ్బాయిలు 19 నిండితేనే వెళ్లాలి, ఆ ఏడాది దాన్ని 18కి తగ్గించారు. ఏ దేశం వెళ్లాలన్నది వాళ్లు ఎంచుకోరు. పిలుపు వచ్చిన రోజున చుట్టాలందరినీ కూర్చోబెట్టుకుని విప్పి చదువుతారు, మన ఇళ్లలో పరీక్ష ఫలితాలు చూసినట్టు. ఫిలిప్పీన్స్‌లో వీళ్ల పని 1961లో మొదలైంది. ఇప్పుడక్కడ సభ్యులు ఎనిమిది లక్షలు దాటారు. మనకూ బొత్తిగా తెలియనివాళ్లేం కాదు. భారతదేశంలో వీళ్ల తొలి 'స్టేక్', అంటే స్థానిక సంఘాలన్నీ కలిసిన పెద్ద విభాగం, 2012లో ఏర్పడింది హైదరాబాద్‌లోనే. మతం మార్చడం గురించి ఎవరి అభిప్రాయం వాళ్లది. ఇక్కడ చెప్పుకునేది ఆ కుర్రాడి సోమవారాల గురించి.

సోమవారమే ఎందుకంటే... వారంలో అతనికి అతనుగా దక్కే రోజు అదొక్కటే. మిగతా ఆరు రోజులూ పొద్దున చదువు, ఆ తర్వాత రాత్రిదాకా తిరుగుడు. సినిమాల్లేవు, టీవీ లేదు, ప్రేమ కబుర్లు అసలే కూడదు. ఎక్కడికి వెళ్లినా ఇంకో మిషనరీ తోడుండాలి. ఆ తోడును కూడా పైవాళ్లే నిర్ణయిస్తారు. దాదాపు ఆరు వారాలకోసారి బదిలీల పట్టిక వస్తుంది. ఎవరు ఏ ఊరు, ఎవరికి ఎవరు తోడు అన్నది అందులో తేలుతుంది. పెళ్లిచూపులు లేని పెళ్లిలాంటిది!

అదృష్టం బాగుండి అతనికి మంచి తోడు దొరికాడు. మిందనావో దీవి కుర్రాడు. ఇంట్లో సెబువానో మాట్లాడతాడు. అంటే ఇక్కడి తగాలోగ్ అతనికీ సొంత భాష కాదు. మన పిల్లలు ఎంతోమంది డాక్టరు చదువుకి వెళ్లే దవావో ఉన్నది ఆ దీవిలోనే. ఐడహో కుర్రాడికి బట్టలుతకడం నేర్పింది ఇతనే. 'బాత్యా' అనే వెడల్పాటి తొట్టె ముందు గొంతుక్కూర్చుని, కాలరు మీద సబ్బు రాసి, రెండు పిడికిళ్ల మధ్యా నలపాలి. మొదటి సోమవారం ఐడహో వాడి వేళ్ల మీద తోలు లేచిపోయింది. నాలుగో సోమవారానికి బొబ్బలు మానాయి. పదో సోమవారానికి చొక్కాలు నిజంగానే తెల్లబడ్డాయి. వాటిని తీగ మీద ఆరేసి, రెండడుగులు వెనక్కి వేసి, నడుం మీద చేతులు పెట్టుకుని చూసుకున్నాడట. ఇంట్లో వాషింగ్ మెషీన్ బటను నొక్కినప్పుడు అలాంటి ఆనందం ఎప్పుడైనా కలిగిందా అంటే, లేదు.

ఉతుకుడయ్యాక సంతకెళ్లి కూరలు తెచ్చుకోవాలి. సాయంత్రం వీధి కోర్టులో బాస్కెట్‌బాల్. ఆ దేశంలో ఆ ఆటంటే మనకు క్రికెట్ ఎంతో అంత. ఆరడుగుల రెండంగుళాల అమెరికా కుర్రాడు వచ్చాడని మొదట్లో అందరూ భయపడ్డారు. రబ్బరు చెప్పులేసుకున్న పిల్లలు చంకల కిందనుంచి దూరి బంతి వేసేస్తుంటే, భయం ఎవరిదో తొందర్లోనే తేలిపోయింది.

ఇంతకీ వీటన్నిటికంటే ముందు, సోమవారం పొద్దున ఇంటికి ఫోను. ఇదివరకు ఏడాదికి రెండుసార్లే మాట్లాడనిచ్చేవారు, క్రిస్మస్‌కూ మదర్స్ డేకీ. మిగతాదంతా ఉత్తరాలూ ఈమెయిళ్లూ. 2019 ఫిబ్రవరి నుంచి వారానికోసారి మాట్లాడుకోవచ్చన్నారు. ఇక్కడ సోమవారం ఉదయం తొమ్మిదైతే అక్కడ ఇంకా ఆదివారం సాయంత్రమే. వంటగదిలో బల్ల చుట్టూ అందరూ కూర్చుని ఉంటారు. చివర్న, తెర అంచులో సగం ముఖం మాత్రమే కనబడేలా తాతయ్య. 1960ల్లో ఆయన ఇంగ్లండులో ఇదే పని చేశాడు. అక్కడి సంగతులేమిటని అడిగితే "వాన" అనేవాడు. ఇంకా అడిగితే "చాలా వాన" అనేవాడు.

తగాలోగ్ నేర్చుకోవడం గురించి ఒక మాట. యూటాలోని ప్రోవోలో శిక్షణ ఇచ్చారు గానీ, అసలు బడి వీధే. ఇక్కడ తలుపు కొట్టరు. గేటు బయట నిలబడి "తావో పో!" అని కేకేస్తారు. తావో అంటే మనిషి. పో అంటే అచ్చం మన 'అండీ'. "మనిషినండీ!" అని. పిశాచాన్నో దొంగనో కాను, మనిషినొచ్చాను, తలుపు తియ్యండి అన్నమాట. ఇంతకంటే మర్యాదైన కాలింగ్ బెల్ ఏ దేశంలో ఉంది? 'అవునండీ' అనడానికి 'ఓపో' అంటారు. పెద్దవాళ్లు ఎదురైతే వాళ్ల చెయ్యి తీసుకుని నుదుటికి ఆనించుకుంటారు. దండాలూ అండీలూ లేని ఇంగ్లిషులో పెరిగిన కుర్రాడికి ఇదంతా కొత్త. మొదట్లో 'పో' మరిచిపోయేవాడు. తర్వాత ప్రతి మాట చివరా తగిలించేసేవాడు, ఆఖరికి కుక్కతో మాట్లాడినా.

"తావో పో" అంటే తలుపులు తెరుచుకుంటాయి. కానీ చెప్పేది వినేవాళ్లు తక్కువ. ఎక్కువమంది క్యాథలిక్కులు. "మాకు మా చర్చి ఉంది నాయనా" అని నవ్వుతూ చెప్పేస్తారు. కొందరు "నోస్‌బ్లీడ్!" అని ముక్కు పట్టుకుంటారు. ఇంగ్లిషు మాట్లాడాలంటే ముక్కులోంచి రక్తం కారుతుందని వాళ్ల హాస్యం. "నేను తగాలోగే మాట్లాడుతున్నానండీ" అని చెప్పుకోవాలి పాపం! చిన్నపిల్లలైతే "హే జో!" అని వెంటపడతారు. అమెరికా సైనికులు తిరిగిన నాటి పిలుపు, ఇంకా పోలేదు. రోజంతా తిరిగి ఒక్కరితో కూడా పట్టుమని పది నిమిషాలు మాట్లాడకుండా గదికి చేరిన రాత్రులు చాలా ఉన్నాయి. 'నేనిక్కడ ఎందుకున్నాను' అని గోడకేసి చూస్తూ పడుకున్న రాత్రులూ ఉన్నాయి. అవి తల్లికి చెప్పడు. తల్లికి తెలియదనీ కాదు.

అలాంటి రోజుల్లోనే కాలవ గట్టు మీది ముసలమ్మ పరిచయమైంది. అందరూ 'లోలా' అంటారు, మామ్మ అని. మనవడితో ఉంటుంది. మొదటిరోజే తేల్చి చెప్పేసింది: "మీ మతంలోకి రాను. కానీ ఎండలో నిలబడకండి, లోపలికి రండి" అని. కాఫీ ఇవ్వబోయింది. వాళ్లు టీ, కాఫీలు తాగకూడదు. "అయ్యో, ఏం మతం నాయనా!" అని నొచ్చుకుని సలాబాత్ పెట్టింది. అల్లం మరిగించి చక్కెర వేసిన కషాయం. మన ఇళ్లలో జలుబుకిచ్చేదే. ఇంకోరోజు తినోలా వండింది. కోడి, పచ్చి బొప్పాయి, అల్లం వేసిన పులుసు. అందులో గుప్పెడు మునగాకు. ఆ ఆకు పెరట్లోనిదే. ఐడహో కుర్రాడు జీవితంలో మునగచెట్టు చూడటం అదే మొదలు.

ఆ ఇంట్లో మతం మాటలు తక్కువ, వరి మాటలు ఎక్కువ. లోలా భర్త ఐఆర్-8 వచ్చిన కొత్తలో వేసిన రైతట. ఆ రకాన్ని 1966లో విడుదల చేసింది మనీలా దగ్గరి లాస్ బాన్యోస్‌లోని అంతర్జాతీయ వరి పరిశోధన సంస్థే. (మరుసటేడే పశ్చిమ గోదావరి జిల్లా ఆచంటలో నెక్కంటి సుబ్బారావుగారు దాన్ని పండించి 'మిస్టర్ ఐఆర్8' అనిపించుకున్నారు. లోలాకు ఆ సంగతి చెప్పేవాళ్లుంటే ఎంత సంబరపడేదో!) కుర్రాడు బంగాళాదుంపల గురించి చెప్పేవాడు. దుంపలతోనే కడుపు నింపుకుంటారంటే ఆవిడ నమ్మేది కాదు. "మరి అన్నం?" అని అడిగేది. "అది అప్పుడప్పుడు" అంటే జాలిగా చూసేది.

పదకొండో నెలలో, సోమవారం కాని రోజున ఇంటి నుంచి ఫోనొచ్చింది. గురువారం ఫోనంటే ఏమిటో ఎత్తకముందే అర్థమైంది. తాతయ్య పోయాడు. రాత్రి పడుకుని పొద్దున లేవలేదు.

ఇలాంటప్పుడు చాలామంది వెనక్కి వెళ్లరు, మొదలుపెట్టింది పూర్తిచేస్తారు. అతనూ ఉండిపోయాడు. ఎవరూ బలవంతం చెయ్యలేదు. వెళ్తే తాతయ్యే ఊరుకోడు అనుకున్నాడో, వెళ్తే మళ్లీ రాలేననుకున్నాడో... బహుశా రెండూ. అంత్యక్రియలు ఫోనులో చూశాడు. ఇక్కడ కరెంటు లేని రాత్రి. ఛార్జింగ్ 11 శాతం ఉంది. అక్కడ మంచు పడుతోంది. పెట్టె దించేలోగా తెర నల్లబడింది.

మర్నాడు గట్టు మీదికి వెళ్లినప్పుడు అతను ఏమీ అనలేదు, తోడే చెప్పాడు. లోలా ఏమీ మాట్లాడలేదు. పొయ్యి మీద అరోస్ కాల్దో పెట్టింది. అల్లం, కోడిమాంసం వేసి జావలా వండిన అన్నం. తినేదాకా ఎదురుగా కూర్చుంది. తర్వాత అడిగింది, "మీ తాత పేరేమిటి?" అని.

అక్కడ మనిషి పోతే తొమ్మిది రాత్రులు ప్రార్థన చేస్తారు. 'పసియామ్' అంటారు. మన దగ్గర పదకొండో రోజు, పన్నెండో రోజు ఉన్నట్టు. ఆ సాయంత్రం నుంచి లోలా గూట్లో మేరీమాత బొమ్మ ముందు కొవ్వొత్తి వెలిగించింది. జపమాల తిప్పుతూ, ఎన్నడూ చూడని ఐడహో రైతు పేరును నోరు తిరక్క వంకర్లు పోతూ పలికింది. అతని చర్చిలో జపమాల లేదు, ఆ పద్ధతే వేరు. అయినా వెళ్లి గుమ్మం పక్కన కూర్చున్నాడు. కళ్లు మూసుకోలేదు, పెదాలు కదపలేదు. ఊరికే కూర్చున్నాడు. తొమ్మిది రాత్రులూ. రోజుకు పావుగంట. ఇరుగుపొరుగు ఆడవాళ్లు ఇద్దరు ముగ్గురు వచ్చి గొంతు కలిపారు. తొమ్మిదో రోజున బియ్యప్పిండి వంటకం చేసి అందరికీ పంచారు. మతం గురించి ఆ తొమ్మిది రోజులూ ఎవరూ ఎవరికీ ఏమీ చెప్పలేదు. ఏడాది కింద శిక్షణలో నేర్చుకున్న పాఠాల్లో ఈ పాఠం లేదు మరి.

ఆ తర్వాతి బదిలీల పట్టికలో అతని పేరుంది. ఉత్తరాన వేరే ఊరు. వెళ్లేది బుధవారం. సోమవారం పొద్దున గదిలో మళ్లీ కరెంటు పోయింది. లోలా ఇంట్లో సిగ్నలు బాగుంటుందని ఇద్దరూ అక్కడికే వెళ్లి, మెట్ల మీద కూర్చుని ఇంటికి ఫోను కలిపారు. అవతల వంటగది. బల్ల చివర తాతయ్య కూర్చునే చోట ఇప్పుడు నానమ్మ. మనవడిని చూడగానే చిక్కిపోయావంది.

వెనకనుంచి లోలా వచ్చి ఫోను చేతిలోంచి లాక్కుంది. కళ్లకు దగ్గరగా పెట్టుకుని చూసింది. అవతల నానమ్మ కూడా కళ్లద్దాలు సవరించుకుంది. ఒకరి భాష ఒకరికి రాదు. కాసేపు ఇద్దరూ అలా చూసుకున్నారు. లోలా పొయ్యి మీది అన్నం గిన్నె మూత తీసి తెరకు చూపించింది. "కైన్ తాయో" అంది.

"ఏమంటోందిరా?" అని అడిగింది నానమ్మ.

"రా, తిందాం అంటోంది."

"వస్తున్నానని చెప్పు" అంది నానమ్మ.