చిన్న వేషము, పెద్ద జీవితము

సినిమా చూచి వచ్చిన వారిని "ఎవరు ఆడారు?" అని అడిగితే కథానాయకుని పేరు చెబుతారు. ఆ కథలోని తండ్రి ఎవరు, మామ ఎవరు, గుమాస్తా ఎవరు అని అడిగితే మాత్రము, "అదే, ఆయనే, మొన్న ఇంకో దానిలో కూడా ఉన్నాడే" అంటారు. పేరు నోటికి రాదు గాని ముఖము మరువరు. ఇట్టివారిని క్యారెక్టర్ నటులు అంటారు. వీరు ఇంటికి దూలము వంటివారు. గోడకు వేసిన రంగు అందరికీ కనబడుతుంది. దూలమును తలెత్తి చూచేవారు ఎందరు?

అటువంటి వారిలో ఒకరైన గొల్లపూడి మారుతీరావుగారిని గూర్చి ఈ నెల మన కుటుంబములతో నాలుగు మాటలు చెప్పుకోవాలని మా కోరిక.

ఆయన 1939 ఏప్రిల్ 14న విజయనగరములో పుట్టారు. ఆంధ్ర విశ్వవిద్యాలయములో చదివారు. చదువుకునే రోజులనుండే నాటకములు వ్రాయడము, ఆడడము ఆయనకు ప్రాణము. కొంతకాలము ఆంధ్రప్రభ పత్రికలోను, తరువాత దాదాపు ఇరవై యేండ్లు ఆకాశవాణిలోను పనిచేశారు. 1962లో చైనా యుద్ధము వచ్చినప్పుడు ఆ యుద్ధముమీద 'వందేమాతరం' అనే నాటకము వ్రాశారు. గ్రుడ్డివారి బ్రదుకుమీద ఆయన వ్రాసిన 'కళ్లు' నాటకము 1988లో సినిమాగా వచ్చింది.

సినిమాలోనికి ఆయన మొదట కలముతోనే ప్రవేశించారు. 1964లో విడుదలైన 'డాక్టర్ చక్రవర్తి' రచనలో ఆయన పాలుపంచుకొన్నారు. అయితే ముఖమునకు రంగు పూసుకొని తెరమీదికి వచ్చింది 1982లో, కోడి రామకృష్ణగారి మొదటి చిత్రము 'ఇంట్లో రామయ్య వీధిలో కృష్ణయ్య'తో. అప్పటికి ఆయన వయస్సు నలభై మూడు. మన ఊళ్లలో ఆ వయస్సు వచ్చేసరికి "ఇంకేముంది, పిల్లల పెళ్లిళ్లు చేసి అరుగుమీద కూర్చోవడమే" అంటారు. ఆయన అప్పుడే మొదలుపెట్టారు. అటుతరువాత రెండువందల యాభైకి పైగా చిత్రములలో నటించారు.

ఆ మొదటి చిత్రములోని సుబ్బారావు వేషమును మేము టూరింగ్ టాకీసులో నేల టిక్కెట్టుకు చూచాము. తీయని మాటల వెనుక కపటము దాచుకొన్న మనిషి వేషమది. మా ప్రక్కన కూర్చున్న ముసలమ్మలు మెటికలు విరిచి తిట్టారు. నటునికి అంతకన్న బహుమానము ఏమున్నది? తిరిగి 1987లో 'సంసారం ఒక చదరంగం'లో తండ్రి వేషము వేసినప్పుడు ఆ ముసలమ్మలే కొంగుతో కళ్లు తుడుచుకొన్నారు. డబ్బు మాటమీద తండ్రీ కొడుకులకు పడక, ఒకే ఇంటిలో నడుమ గీత గీసుకొన్న కుటుంబపు కథ అది. ఆ వారమంతా మా ఊరిలో ఆ గీత మాటే.

టెలివిజన్ ఇంటింటికి వచ్చిన పిదప ఆయన దానినీ చిన్నచూపు చూడలేదు. ధారావాహికలలో నటించారు, 'ప్రతిధ్వని' వంటి కార్యక్రమములు నడిపారు. 'వందేళ్ల కథకు వందనాలు' అనే పేరుతో తెలుగు కథలను, కథకులను ప్రేక్షకులకు పరిచయము చేశారు. వేదిక మారినా, మాటను శుభ్రముగా పలకాలనే పట్టుదల మారలేదు.

అయితే మేము ఆయనను తలంచుకొనేది వేషముల నిమిత్తము మాత్రమే కాదు. ఆయన కుమారుడు శ్రీనివాస్ దర్శకుడై 'ప్రేమ పుస్తకం' అనే తన మొదటి చిత్రము తీస్తూ, 1992 ఆగస్టు 12న, చిత్రీకరణ జరుగుచుండగా సముద్రములో ప్రమాదవశాత్తు మరణించాడు. ఎదిగిన బిడ్డ. సగములో ఆగిన పని. ఆ తండ్రి ఏమి చేశారు? కొడుకు విడిచిన చోటనుండి తానే దర్శకత్వము వహించి ఆ చిత్రమును పూర్తిచేశారు. 1993లో అది విడుదలయింది. తరువాత ఆ బిడ్డ పేరిట ఒక పురస్కారము నెలకొల్పారు. దేశములోని ఏ భాషలోనైనా మొదటి చిత్రము తీసిన దర్శకునికి ఆగస్టు 12న దానిని ఇచ్చేవారు. 'తారే జమీన్ పర్' తీసినందుకు ఆమిర్ ఖాన్ కూడా దానిని అందుకొన్నారు.

ఈ సంగతి మాకెందుకు ఇంత దగ్గరయిందో చెప్పాలి. మా పెద్దబ్బాయి ఇంటర్ పరీక్ష ఫీజు కట్టిన నెలలోనే కాలువలో ఈతకు వెళ్లి తిరిగి రాలేదు. ఏడాదిపాటు మేమిద్దరము వాని పుస్తకముల పెట్టె తెరవలేదు. ఇంటిలో వాని పేరు ఎత్తితే అన్నము ముద్ద దిగేది కాదు. ఓదార్చ వచ్చినవారు "మరచిపోండి" అన్నారు. కన్నవారికి అది చేతనయ్యే పనేనా?

అటువంటి రోజులలో ఒక పాత వారపత్రికలో మారుతీరావుగారి కొడుకు సంగతి చదివాము. ఆయన మరచిపోలేదు. కొడుకు పోయిన దినమునే ఇంకొకరి కొడుకు సంతోషించే దినముగా మార్చుకొన్నారు. మాకు అంత శక్తి లేదు. అయినను ఆ రాత్రి పెట్టె తెరిచాము. పుస్తకములను ప్రక్క వీధిలోని ఒక పేదపిల్లకు ఇచ్చాము. ఆనాటినుండి ప్రతి యేడు అదే నెలలో ఊరిలో ఒక బిడ్డకు పరీక్ష ఫీజు కడుతున్నాము. దుఃఖము పోయిందని చెప్పము. దానికి చేయుటకు ఒక పని దొరికింది, అంతే.

మారుతీరావుగారు 2019 డిసెంబరు 12న చెన్నైలో, ఎనుబది యేండ్ల వయస్సులో కన్నుమూశారు.

ప్రియ పాఠకులారా, మీ ఇంటిలో వయస్సు మళ్లిందని చేయి దించినవారు ఉండవచ్చు. బిడ్డను పోగొట్టుకొని తలుపు వేసుకొన్నవారు మీ వీధిలోనే ఉండవచ్చు. వారిని "మరచిపోండి" అనకండి. ఆ బిడ్డ పేరు పెట్టి అడగండి, ఏమి చదివేవాడో, ఏమి ఇష్టపడేవాడో చెప్పనివ్వండి. వినుటకు ఒకరుంటే, మూసిన పెట్టె ఒకనాటికి తెరుచుకొంటుంది.