మండువా యిల్లు అమ్మి వచ్చాను

రాజమండ్రిలో రైలు దిగి అమలాపురం బస్సెక్కితే, జొన్నాడ దగ్గర గౌతమి దాటగానే గాలి మారిపోతుంది. రావులపాలెంలో అరటిగెలలు లారీల కెక్కుతూ వుంటాయి. కొత్తపేట దాటాక కాలవలు, కొబ్బరితోటలు, మళ్లీ కాలవలు. ఈ దారిన ఎన్నిసార్లు వెళ్లానో లెక్కలేదు. అన్నిసార్లూ మా యింటికే వెళ్లాను. 2025 మార్చిలో మాత్రం పరాయివారి యింటికి వెళ్లాను. ఇల్లు అదే. నెల్లాళ్ల క్రితం అమ్మేశాం.

మండువా యిల్లు చూడనివారికి రెండు మాటలు చెప్పాలి. ఇంటి నడుమ ఆకాశానికి తెరిచిన చోటు వుంటుంది. నాలుగువైపులా పెంకుల కప్పు లోపలికే వాలి వుంటుంది. వాన కురిస్తే నాలుగు చూరుల నీళ్లూ నడిమధ్య పడి, తూము గుండా పెరట్లోకి పోతాయి. చుట్టూ స్తంభాలు, వాటి వెనుక వసారాలు, గదులు. చిన్నప్పుడు మాకు వాన అంటే ఇంట్లో కురిసేదే! మా తాతగారు 1934లో కట్టించారు. కలప బర్మా టేకు. కాకినాడ రేవులో దిగి కాలవల మీద పడవలో వచ్చిందని ఆయన చెప్పేవారు. 1986 ఆగస్టు గోదావరి వరదకు వీధి గుమ్మంలో మొలలోతు నీళ్లు నిలిచాయి. నీళ్లు తీశాక నాన్నగారు ద్వారబంధం మీద చాకుతో గీత గీశారు. 1996 నవంబరు తుఫానుకు పెరట్లో కొబ్బరిచెట్లన్నీ కూలాయి గాని, ఇల్లు కదలలేదు.

అలాంటి దాన్ని ఎందుకమ్మారంటారా? నాన్నగారు పోయాక అమ్మ మాతో విశాఖపట్నంలోనే వుంటోంది. తాళం వేసిన ఇంట్లో చెదలు కాపురం పెట్టాయి. బేరం 48 లక్షలకు కుదిరింది. అమ్మ, ఇద్దరక్కయ్యలు, నేను తలా 12 లక్షలు తీసుకోవాలనుకున్నాం. ఇంతేకదా లెక్క అనుకున్నాను. తెలుగు మేష్టరి లెక్క!

మొదట కాగితాలు అడ్డం పడ్డాయి. పల్లెల్లో పాత ఇళ్లు చాలావరకు గ్రామకంఠంలో వుంటాయి. పట్టా వుండదు, పాత దస్తావేజులూ, పంచాయతీ పన్ను రసీదులూ చూపించుకోవాలి. మా తాతగారి పేరు చివర "మూర్తి" ఒక దస్తావేజులో వుంది, మరోదాంట్లో లేదు. ఇద్దరూ ఒక్కరే అని నిరూపించడానికి ప్రమాణపత్రం, సాక్షులు, నాలుగు ప్రయాణాలు, కాలేజీకి నాలుగు సెలవులు. వారసుల ధ్రువపత్రం వేరు, ఈసీ వేరు. మధ్యవర్తి నూటికి రెండు చొప్పున 96 వేలు పుచ్చుకున్నాడు. కొన్నవారి దగ్గరా అంతే పుచ్చుకున్నాడని తరవాత తెలిసింది.

ఇక పన్ను. 2001 ఏప్రిల్ 1కి ముందునుంచీ వున్న ఇంటికి, ఆ రోజు విలువనే కొన్న ధరగా చూపుకోవచ్చు. కాని ఆనాటి ప్రభుత్వ విలువను అది మించకూడదు. పల్లెటూళ్లో పెంకుటింటికి ఆనాడు ప్రభుత్వం కట్టిన విలువ ఎంతని? కనుక మిగిలినదంతా లాభమే అయి కూచుంది. 2024 జూలై 23న మారిన నిబంధన ప్రకారం లాభం మీద 12.5 శాతం. మాలాగా ఇక్కడ వుండేవాళ్లు, పాత ఆస్తి కనుక, ధరల పెరుగుదల సర్దుకుని 20 శాతం లెక్క కూడా వేసి చూసుకోవచ్చు. ఏది తక్కువైతే అది కట్టవచ్చు. అమెరికాలో వున్న మా చిన్నక్కకు ఆ వెసులుబాటు లేదు. పైగా కొనేవారే ఆవిడ భాగంలోంచి పన్ను కోసి కట్టాలి. తగ్గింపు పత్రం ముందే తెచ్చుకోలేదు గనుక లాభం మీద కాక 12 లక్షల మీదా కోశారు. సెస్సుతో కలిపి 1,56,000 రూపాయలు! రిటర్ను వేసి, ఎక్కువ పోయినది తిరిగి రాబట్టుకోవాలి.

చిన్నక్క దాని గురించి ఒక్కమాట అనలేదు. కాన్సులేటులో ముద్ర వేయించి అధికారపత్రం పంపింది. ఫోనులో మాత్రం, "ఒరే తమ్ముడూ, ఆ వరదగీత వున్న ద్వారబంధం అమ్మకురా," అంది. సరేనన్నాను. బేరంలో చెప్పడం మరిచిపోయాను.

అందుకే ఆ ప్రయాణం. వెళ్లేసరికి కప్పు లేదు. స్తంభాలు, దూలాలు వీధిలో బారుగా పేర్చివున్నాయి. పాత కలప వ్యాపారి టేపుతో కొలుస్తున్నాడు. మధ్యవర్తి మాకు చెప్పింది, "ఎలాగూ కూల్చేదేకదండీ, ధర స్థలానికే" అని. నిజమేననుకున్నాను. ఆ కలప కట్టే ఆరు లక్షల పైచిలుకు పలికిందట! ఇల్లు అమ్మేముందు దూలాలను ఒకసారి కొలిపించాలన్న బుద్ధి ఎం.ఎ. చదివినవాడికి పుట్టలేదు.

ద్వారబంధం విడిగా గోడకు చేరవేసి వుంది. అడిగితే వ్యాపారి నొచ్చుకున్నాడు.

"మాస్టారూ, తమరిదేనండి, కాదనను. కాని నేనూ కొన్నదే కదండీ!"

తప్పు అతనిది కాదు. 45 వేలిచ్చాను. విశాఖపట్నానికి వ్యాను కిరాయి వేరే. మా ఫ్లాటులో ఏ గోడకూ అది పట్టలేదు. అమెరికాకు పంపడానికి ఎంతవుతుందో కనుక్కుని ఊరుకున్నాను. చిన్నక్క వచ్చినప్పుడు చూసుకుంటుందని బాల్కనీలో పొడుగునా పడుకోబెట్టాం.

మొన్న శుక్రవారం పొద్దున్న అమ్మ పసుపుగిన్నెతో బాల్కనీలోకి వెళ్లింది. అడ్డంగా పడివున్న దానిలో గడప ఎటువైపో వేళ్లతో తడిమి చూసుకుని, అక్కడ కూచుని పసుపు రాసింది.